వేలిముద్రకు ముందు అడగవలసిన ప్రశ్న

మన మూడు జిల్లాలకూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. మహబూబాబాదు కళాశాల 2022లోను, జనగామ, భూపాలపల్లి కళాశాలలు 2023లోను ప్రారంభమయ్యాయి. పెద్దవంగర మండలంలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే తొర్రూరు దాటించి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేర్చడం తప్ప గత్యంతరం లేని రోజులు మన తరమంతా చూసింది. కనుక ఈ కళాశాలల రాకను మేము మనఃపూర్వకంగా స్వాగతిస్తున్నాము.

అయితే వైద్య కళాశాల అంటే పడకలు, మందులు, డాక్టర్లు మాత్రమే కాదు. వైద్యం బోధించే చోట వైద్య పరిశోధన కూడా జరుగుతుంది, జరగాలి. రేపు ఎవరో ఒకరు మన గుమ్మం ముందుకు వచ్చి రక్తం నమూనా అడగవచ్చు. మన పిల్లలు చదివే బడికి వచ్చి కొత్త టీకా వేస్తామనవచ్చు. ఆసుపత్రిలో చేర్చిన మన తండ్రికి కొత్త మందు ఇచ్చి చూస్తామనవచ్చు. వారి చేతిలో ఒక కాగితం ఉంటుంది. కింద చుక్కల గీత ఉంటుంది. ఆ గీత మీద సంతకం చేయాలా, వద్దా?

ముస్లిం కుటుంబాలలో ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. ఒకటి: "డాక్టరు సాబ్ చెప్పిన తరువాత మనమేమి అడుగుతాము" అని కళ్ళు మూసుకొని వేలిముద్ర వేయడం. రెండవది: "ఇందులో ఏదో కుట్ర ఉన్నది" అని తలుపు మూయడం. ఈ రెండింటి వల్లనూ నష్టపోయింది పేదలే. మూడవ దారి ఒకటి ఉన్నది. అడగడం, అర్థం చేసుకోవడం, ఆ తరువాత ఒప్పుకోవడమో కాదనడమో చేయడం. ఇది ఎవరో దయతో ఇచ్చే సౌకర్యం కాదు, చట్టం మనకు ఇచ్చిన హక్కు. ఈ సంచికలో మేము చెప్పదలచింది ఇదే.

హుసేన్ ఖాన్ అనే రోగి

వైద్య పరిశోధన మన నేలకు కొత్త కాదు. ఆపరేషన్ సమయంలో రోగికి మత్తు కలిగించే క్లోరోఫాం సురక్షితమా కాదా అని తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో రెండు సంఘాలు హైదరాబాదులో పనిచేశాయి. రెండవ సంఘం కోసం లండను నుంచి వైద్యుణ్ణి రప్పించడానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చారు. ఆ తరువాత 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా ఈనాటికీ పాటిస్తున్నది.

ఆ దోమ ఎవరి రక్తం తాగింది? ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. మలేరియాతో బాధపడుతున్న ఆ మనిషిని దోమతెరలో పడుకోబెట్టి, దోమలను వదిలి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఎనిమిది అణాలు చెల్లించారు. ఈ సంగతి రాస్ వ్రాతల వల్లనే లోకానికి తెలిసింది. రాస్ పేరు పాఠ్యపుస్తకాలలో ఉన్నది, హుసేన్ ఖాన్ పేరు లేదు.

రాస్ దుర్మార్గుడని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆయన శ్రమ కోట్లాది ప్రాణాలను కాపాడే జ్ఞానాన్ని ఇచ్చింది. మలేరియాకు మన ఏజెన్సీ ప్రాంతాలు చెల్లించిన మూల్యం తెలిసిన వారెవరూ ఆ శ్రమను తక్కువ చేయలేరు. మేము గుర్తు చేస్తున్నది ఒక్కటే. పరిశోధనలో ఎప్పుడూ ఇద్దరుంటారు. పరిశోధించే వాడొకడు, తన శరీరాన్ని ఇచ్చే వాడొకడు. రెండవ వ్యక్తికి ఏమి చెప్పారు, అతను ఏమి అర్థం చేసుకున్నాడు, ఒప్పుకోకపోయే స్వేచ్ఛ అతనికి ఉన్నదా అన్న ప్రశ్నలు 1897లో ఎవరూ అడగలేదు. నూటపన్నెండేళ్ళ తరువాత మన పొరుగు జిల్లాలో కూడా సరిగా అడగలేదు.

ఖమ్మంలో జరిగింది

2009 జూలైలో నాటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుంచి పద్నాలుగేళ్ళ వయసు గల సుమారు 14,000 మంది బాలికలకు ఒక టీకా వేయడం మొదలుపెట్టారు. ఈనాడు మన మహబూబాబాదు జిల్లాలో ఉన్న గార్ల, బయ్యారం మండలాలు కూడా అప్పుడు ఆ ఖమ్మం జిల్లాలోనివే. ఇది ఎక్కడో దూరదేశపు కథ కాదని చెప్పడానికే ఈ మాట అంటున్నాము.

ఆ టీకా హెచ్.పి.వి. అనే వైరస్‌ను అడ్డుకొనేది. ఆ వైరస్ వల్ల స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తుంది. కార్యక్రమాన్ని నడిపింది అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అందులో భాగస్వాములు. నిధులు గేట్స్ ఫౌండేషన్ ఇచ్చింది. టీకాలను తయారుచేసే కంపెనీ వాటిని ఉచితంగా అందజేసింది. ఇదే కార్యక్రమం మరొక కంపెనీ టీకాతో గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా నడిచింది.

టీకా వేయించుకున్న బాలికలలో చాలామంది ప్రభుత్వ హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలలలో ఉండి చదువుకొనే పేద పిల్లలు. ఎక్కువమంది ఆదివాసీలు, దళితులు. తల్లిదండ్రులు ఊళ్ళలో కూలి పనుల్లో ఉన్నారు. వారందరి సమ్మతి తీసుకోవడం శ్రమతో కూడిన పని. దానికి సులువు మార్గం కనిపెట్టారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేయవచ్చునని అధికారులు అనుమతించారు. ఆ తరువాత పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలనకు వచ్చిన ఆంధ్రప్రదేశ్ సమ్మతి పత్రాల లెక్క ఇది. మొత్తం 9,543 పత్రాలు. అందులో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు.

దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు ఈ అంకెలు ఒక సంగతిని స్పష్టంగా చెబుతున్నాయి. కచేరీలో సంతకం అంటే ఒక మనిషి ఒక విషయానికి బాధ్యత వహించడం. ఒకరి భూమిని మరొకరు సంతకం పెట్టి అమ్మితే అది చెల్లదని రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మంలో కూర్చొనే దస్తావేజు లేఖరికి కూడా తెలుసు. మరి ఒకరి బిడ్డ శరీరం విషయంలో ఇంకొకరి సంతకం ఎట్లా చెల్లింది? వార్డెన్ పిల్లలకు అన్నం పెట్టే ఉద్యోగి, తండ్రి కాదు. పైఅధికారి ఆదేశిస్తే ఎన్ని పత్రాల మీదనైనా సంతకం చేయవలసిన స్థితిలో ఉన్న చిన్న ఉద్యోగి కూడా. ఆయన సంతకాన్ని "సమ్మతి" అనడం ఆ మాటను అవమానించడమే.

2010లో బాలికల మరణాల వార్తలు వెలువడ్డాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గ్రామాలకు వెళ్ళి విచారించారు. ఏప్రిల్ నెలలో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసింది. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. నీట మునగడం, పాముకాటు, పురుగుల మందు, జ్వరం వంటి కారణాలను పేర్కొంటూ ఈ మరణాలకు టీకా కారణమని చెప్పలేమని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తేల్చింది. సమ్మతి తీసుకొన్న తీరును మాత్రం తప్పుపట్టింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఇంకా కఠినంగా మాట్లాడింది. "ప్రదర్శన కార్యక్రమం" అన్న పేరుతో చేసింది వాస్తవానికి ఔషధ ప్రయోగమేనని, దుష్ఫలితాలను నమోదు చేసే సరైన ఏర్పాటు లేదని, బాలికల హక్కులకు భంగం కలిగిందని చెప్పింది.

పాఠకులు ఇక్కడ రెండు సంగతులను వేరువేరుగా చూడాలి. టీకా ప్రాణం తీసిందని ఏ విచారణా తేల్చలేదు. ఆ మాట చెప్పి భయపెట్టడం అన్యాయం. కాని ప్రాణం పోలేదు కనుక అంతా సవ్యంగా జరిగిందనడం కూడా అంతే అన్యాయం. అడగకుండా చేసిన మేలు కూడా హక్కును కాలరాయడమే.

అదే టీకా కథలో రెండవ సగం

ఖమ్మం ఉదంతం ఇక్కడితో ముగియలేదు. ఆ తరువాతి సగం మన కుటుంబాలకు ఎక్కువగా చేరలేదు.

అదే 2009లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో మరొక అధ్యయనాన్ని విడిగా ప్రారంభించింది. పది నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు బాలికలకు ఈ టీకాను రెండు మోతాదులుగా ఇస్తే చాలునా, మూడు కావాలా అన్నది దాని ప్రశ్న. పాల్గొన్న కేంద్రాలలో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉన్నది. ఖమ్మం వివాదంతో 2010 ఏప్రిల్‌లో దేశంలోని హెచ్.పి.వి. టీకా ప్రయోగాలన్నిటినీ ఆపమన్నప్పుడు ఇదీ ఆగిపోయింది. అప్పటికి కొందరు బాలికలకు మూడు మోతాదులు అందాయి, కొందరికి రెండు, వేల మందికి ఒక్కటే అందింది. పరిశోధకులు వారిని వదిలిపెట్టలేదు. పదేళ్ళ పాటు వారి ఆరోగ్యాన్ని గమనించారు. 2021లో వెలువడిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. ఒక్క మోతాదు మాత్రమే పొందిన వారిలో కూడా క్యాన్సర్ కారకమైన రెండు ముఖ్య రకాల వైరస్‌ల దీర్ఘకాల సంక్రమణ నుంచి 95 శాతం రక్షణ కనిపించింది. రెండు, మూడు మోతాదులు పొందిన వారికీ వీరికీ చెప్పుకోదగిన తేడా లేదు. ఇటువంటి ఆధారాలతోనే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలికలకు ఒక్క మోతాదు కూడా సరిపోతుందని ప్రకటించింది.

స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా బాలికలు, యువతుల రికార్డులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పదిహేడేళ్ళు నిండక ముందే టీకా వేయించుకున్న వారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గింది. మన దేశంలోనో, 2020 అంచనాల ప్రకారం ఏటా ఒక లక్షా ఇరవై మూడు వేల మందికి ఈ క్యాన్సర్ సోకుతున్నది, 77 వేల మంది మరణిస్తున్నారు. సిగ్గుతో చెప్పుకోలేక, డాక్టరమ్మ దొరకక, దొరికినా ఖర్చుకు వెరచి, చివరి దశలో ఆసుపత్రికి చేరే పేద ఇల్లాళ్ళే వీరిలో ఎక్కువ. మన ఇళ్ళలోని తల్లులు, పిన్నమ్మలు, ఫుప్పూలు ఈ లెక్కకు బయట లేరు.

ఆలోచించండి. మంచి టీకా ఒకటి ఉన్నది. దానిని సరిగా అడిగి, సరిగా చెప్పి, తల్లిదండ్రుల ముందు కూర్చొని వివరించి వేసి ఉంటే ఏమయ్యేది? సిక్కిం రాష్ట్రం 2018లో తన బడి పిల్లలకు ఈ టీకా వేసింది. ముందుగా తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, మతపెద్దలకు వివరించి చెప్పింది. అర్హులైన బాలికలలో అత్యధికులు వేయించుకున్నారు. ఖమ్మంలో సులువు కోసం తొక్కిన అడ్డదారి ఆ కార్యక్రమాన్ని మాత్రమే చెడగొట్టలేదు. టీకా అంటేనే అనుమానించే పరిస్థితి తెచ్చింది. సమ్మతి తీసుకోవడం పరిశోధనకు అడ్డంకి అనుకొనే అధికారులు ఈ సంగతి గ్రహించాలి. సమ్మతిని దాటవేయడమే పరిశోధనకు అసలైన అడ్డంకి అయింది.

తలుపు మూసినందుకు చెల్లించిన మూల్యం

రెండవ ప్రమాదం గురించి కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. 2002లో దేశంలో నమోదైన సుమారు 1,600 పోలియో కేసులలో అత్యధికం ఉత్తరప్రదేశ్‌వి. పశ్చిమ జిల్లాల ముస్లిం బస్తీలలో చుక్కలమందు వేస్తే పిల్లలు పెద్దయ్యాక సంతానం కలగదన్న పుకారు వ్యాపించింది. కాళ్ళు చచ్చుపడిన పిల్లలలో ముస్లిం పిల్లల వంతు జనాభాలో వారి వంతు కంటే ఎంతో ఎక్కువ. అయితే ఆ పుకారు శూన్యంలో పుట్టలేదు. తాగునీరు, మురుగుకాలువ, డాక్టరు కోసం ఎన్నడూ రాని ప్రభుత్వం ఒక్క చుక్కలమందు కోసం మాత్రం మళ్ళీమళ్ళీ ఎందుకు వస్తున్నదని ఆ తల్లులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం దొరకని చోట పుకారు చొరబడింది.

పరిస్థితిని మార్చింది పోలీసులు కాదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హందర్ద్ వంటి సంస్థలు ముందుకు వచ్చాయి. ఇమాములు మసీదులలో ప్రకటించారు. అదే బస్తీకి చెందిన మహిళలు ఇంటింటికీ తిరిగి ఓపికగా సమాధానాలు చెప్పారు. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు ఒక్కటీ లేదు. 2014 మార్చి 27న మన దేశాన్ని పోలియో రహిత ప్రాంతంలో భాగంగా ప్రకటించారు. ఆ విజయంలో పేరు తెలియని వేలాది ముస్లిం స్త్రీల కాళ్ళ శ్రమ ఉన్నది. అడిగిన వారికి సమాధానం చెప్పే మనిషి మన మధ్య నుంచే వస్తే నమ్మకం ఎట్లా కుదురుతుందో ఈ చరిత్ర చూపిస్తున్నది.

పేదవాని ప్రశ్నకు సమాధానం చెప్పిన పరిశోధన

పరిశోధన అంటే ఎప్పుడూ కంపెనీల లాభం కోసమే అనుకోవడం కూడా పొరపాటు. 2023లో వెలువడిన ఒక అధ్యయనాన్ని మన కార్యకర్తలందరూ తెలుసుకోవాలి. జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబాలలో ఈ అధ్యయనం జరిగింది. దీనికి నాయకత్వం వహించిన వారు మంగళూరులోని యెనెపోయ వైద్య కళాశాల ఆచార్యులు. ఆ కళాశాలను నెలకొల్పింది ఒక ముస్లిం విద్యా ట్రస్టు. వారి ప్రశ్న చాలా సాదాది. క్షయ రోగి ఇంట్లోని మిగిలిన వారికి కడుపు నిండా తిండి పెడితే వారికి జబ్బు సోకకుండా ఉంటుందా?

కొన్ని కుటుంబాలలో మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. మిగిలిన కుటుంబాలలో రోగికి మాత్రమే ఆహారం అందించారు. పదివేల మందికి పైగా కుటుంబసభ్యులను గమనించారు. ఇంటిల్లిపాదికీ తిండి అందిన కుటుంబాలలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల ద్వారా ఇతరులకు అంటుకొనే రకం 48 శాతం తగ్గింది. బియ్యం, పప్పు మందులాగా పనిచేశాయని ఈ అధ్యయనం అంకెలతో నిరూపించింది. క్షయ రోగులకు పోషణ కోసం ఇచ్చే నెలసరి సాయాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచింది. బీడీలు చుట్టే ఇళ్ళలో, ఇరుకు గదుల అద్దె కొంపలలో క్షయతో సహవాసం చేస్తున్న మన కుటుంబాలకు ఇంతకంటే దగ్గరి పరిశోధన ఏముంటుంది? ఇటువంటి అధ్యయనం మన జిల్లాకు వస్తే మనమే ఎదురువెళ్ళి పిలుచుకొని రావాలి.

పరిశోధనలో మన వారు లేకపోవడం వల్ల కలిగే నష్టం కూడా ఉన్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలించారు. తరతరాలుగా తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల 81 సముదాయాలలో కొన్ని ప్రత్యేక వంశపారంపర్య లక్షణాలు గట్టిగా పాతుకుపోయాయని తేలింది. మన తెలుగునాట వైశ్యులలో కొందరికి ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందు పడదు. మందు ప్రభావం తొందరగా విడవక ఊపిరి ఆడడం కష్టమవుతుంది. ఈ సంగతి తెలిసి ఉండడం వల్ల మత్తుమందు డాక్టరు ముందే జాగ్రత్త పడగలుగుతున్నాడు. పరిశీలించిన సముదాయానికి ఆ రక్షణ దొరికింది. పరిశీలించని సముదాయాలలో ఏమి దాగి ఉన్నదో వాటి డాక్టరుకు కూడా తెలియదు. పదివేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఈ పని ఇంకా విస్తరించవలసి ఉన్నది.

దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు మన ఇళ్ళలో ఉన్నాయి. మేనరికం పేరుతో ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలలోనూ ఉన్నాయి. దీనిని ఒక మతానికి అంటగట్టి వెక్కిరించేవారికి దక్షిణ దేశపు ఆచారాలు తెలియవు. వెక్కిరింపుకు కోపగించి వాస్తవాన్ని మరువవద్దని మాత్రం మనవారికి చెబుతున్నాము. భార్యాభర్తలిద్దరూ తలసీమియా లక్షణాన్ని మోస్తున్నవారైతే ప్రతి కాన్పులోను బిడ్డకు ఆ వ్యాధి వచ్చే అవకాశం నూటికి ఇరవై ఐదు వంతులు. పెళ్ళికి ముందు ఒక రక్త పరీక్షతో ఈ సంగతి తెలుసుకోవచ్చు. నిఖానామా వ్రాసే ముందు ఆ పరీక్ష చేయించుకొమ్మని ఖాజీ సాహెబులు చెప్పగలిగితే ఎన్నో ఇళ్ళలో రక్తం సంచుల కోసం జరిగే పరుగులు తగ్గుతాయి.

చట్టం మనకు ఇచ్చినది

ఖమ్మం ఉదంతం, దేశంలోని ఇతర ప్రయోగాల మీద సుప్రీంకోర్టులో నడిచిన వ్యాజ్యాలు వృథా పోలేదు. నిబంధనలు గట్టిపడ్డాయి. 2019 మార్చిలో కొత్త ఔషధాలు, ఔషధ ప్రయోగాల నిబంధనలు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం మనకు ఉన్న రక్షణలను సూటిగా చెబుతున్నాము.

సమ్మతి పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇది పరిశోధన అని, మామూలు చికిత్స కాదని అందులో స్పష్టంగా చెప్పాలి. చదవడం రాని వారికి నిష్పాక్షికమైన సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. సంతకం చేసిన పత్రం ప్రతిని, వివరాల పత్రాన్ని మన చేతికి ఇవ్వాలి. పిల్లల విషయంలో సమ్మతి ఇవ్వవలసింది తల్లిదండ్రులు లేదా చట్టబద్ధమైన సంరక్షకులు. అర్థం చేసుకొనే వయసు వచ్చిన పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి. సరికొత్త రసాయనంతో చేసే ప్రయోగంలో నిస్సహాయ స్థితిలో ఉన్నవారిని చేర్చుకుంటే, సమ్మతి తీసుకొనే తతంగమంతా వీడియోలో నమోదు చేయాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్రయోగం నుంచి తప్పుకోవచ్చు. తప్పుకొన్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచితంగా చికిత్స చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. మరణిస్తే వారసులకు పరిహారం చెందుతుంది.

ప్రతి ప్రయోగాన్నీ ముందుగా ఒక నైతిక సంఘం పరిశీలించి అనుమతించాలి. కనీసం ఏడుగురు సభ్యులుండే ఆ సంఘంలో ఒక సామాన్య పౌరుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు తప్పక ఉండాలి. సామాజిక శాస్త్రవేత్త, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ధర్మశాస్త్ర పండితుడు వంటి వారిలో ఒకరికి కూడా అందులో చోటు ఉన్నది. ఔషధ ప్రయోగాలను జాతీయ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. ఎవరైనా ఇంటర్నెట్‌లో ఆ నమోదును చూడవచ్చు.

ఇక డబ్బు కోసం మందుల పరీక్షలకు వెళ్ళే యువకుల సంగతి. 2017లో ఉమ్మడి కరీంనగర్ ప్రాంతపు గ్రామాల నుంచి యువకులు ఈ విధంగా వెళ్ళి అనారోగ్యం పాలైన వార్తలు రాష్ట్రమంతటినీ కలవరపెట్టాయి. నిరుద్యోగం వల్ల ఈ దారి పట్టిన కుర్రవాళ్ళు మన బస్తీలలోనూ ఉండవచ్చు. వారిని నిందించడం కంటే ముందు వారితో మాట్లాడండి. ఒక పరీక్ష ముగిసిన తరువాత నిర్ణీత వ్యవధి గడవక ముందే, డబ్బు కోసం సంగతి దాచి మరొక పరీక్షకు వెళ్ళడం ప్రాణాపాయమని చెప్పండి.

మా డిమాండ్లు, మా మనవి

ప్రభుత్వానికి, మూడు జిల్లాల వైద్య కళాశాలల యాజమాన్యాలకు మేము చెప్పేది ఇది. సమ్మతి పత్రాలు తెలుగులోను, ఉర్దూలోను ఉండాలి. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. ఆసుపత్రి కాగితాల మీద అది కనిపించకపోతే ఆ చట్టానికి అర్థం లేదు. ఆదివాసీ తండాలలో, గూడేలలో లంబాడీ, కోయ భాషలలో నోటితో వివరించే మనుషులు ఉండాలి. నైతిక సంఘాలలో సామాన్య పౌరుని స్థానం ఏ విశ్రాంత అధికారికో దక్కే గౌరవ పదవి కాకూడదు. పేద బస్తీల గొంతు వినిపించే మహిళ అందులో కూర్చోవాలి. అధ్యయనం ముగిసిన తరువాత ఫలితం ఏమి తేలిందో పాల్గొన్న గ్రామానికి వచ్చి చెప్పాలి. రక్తం ఇచ్చిన ఊరికి ఫలితం తెలియకుండా పోవడం హుసేన్ ఖాన్ కాలపు పద్ధతి.

మసీదు కమిటీలకు, యువజన సంఘాలకు, మహిళా సంఘాలకు మా మనవి వేరు. ఊరికి ఒకరిద్దరు చదువుకున్న పిల్లలను, ముఖ్యంగా నర్సింగ్, ఫార్మసీ, జీవశాస్త్రం చదువుతున్న ఆడపిల్లలను ఈ పనికి సిద్ధం చేయండి. ఎవరైనా కాగితం తెచ్చినప్పుడు దానిని చదివి చెప్పగలిగే మనిషి ఊళ్ళో ఉండాలి. పెద్దవంగర వంటి మండల కేంద్రంలో అటువంటి వారు దొరకడం ఈనాడు అసాధ్యం కాదు.

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి చివరికి చెబుతున్నాము. 2016 నుంచి రాష్ట్రంలో రెండు వందలకు పైగా మైనారిటీ గురుకుల పాఠశాలలు వెలిశాయి. వేలాది ముస్లిం బాలికలు ఇంటికి దూరంగా వాటిలో ఉండి చదువుకుంటున్నారు. ఇది మన సముదాయం సాధించుకున్న గొప్ప ముందడుగు. అయితే 2009లో ఖమ్మం హాస్టల్ బాలికలు ఏ స్థితిలో ఉన్నారో ఈ పిల్లలూ అదే స్థితిలో ఉన్నారు. తల్లిదండ్రులు దూరాన, వార్డెన్ దగ్గర. ఈ పాఠశాలలలో ఏ ఆరోగ్య కార్యక్రమం జరిగినా, అది మామూలు టీకా అయినా, రక్తహీనత పరీక్ష అయినా, పరిశోధన అయినా, తల్లిదండ్రులకు ముందుగా చెప్పాలి. పరిశోధన అయితే వారి సమ్మతి లేకుండా ఒక్క చుక్క రక్తం కూడా తీయరాదు. ఈ మేరకు మైనారిటీ గురుకులాల సంస్థ స్పష్టమైన ఉత్తర్వు జారీ చేయాలని మేము కోరుతున్నాము.

ఆ ఉత్తర్వు వచ్చే వరకు ఆగవలసిన పని లేదు. వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మార్కుల గురించి, భోజనం గురించి అడిగిన తరువాత ప్రిన్సిపాల్‌ను ఇంకొక్క మాట అడగండి: "మా బిడ్డకు మందు గాని, సూది గాని, పరీక్ష గాని చేసే ముందు మాకు ఎట్లా తెలియజేస్తారు?" సమాధానాన్ని వ్రాతపూర్వకంగా తీసుకోండి, ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి.